ఊరికి ఓటు లేదు, ఊరివాళ్లకే ఉంది

చిన్న నగరాల రాజకీయ మొగ్గును, అక్కడి ఓటు సరళిని ఎలా అర్థం చేసుకోవాలన్న విషయమై పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ప్రశ్నలు పంపినవారి పేర్లు, ఊర్ల పేర్లు ప్రచురించడం లేదు. ఉదాహరణలను అంకెలు అందరికీ అందుబాటులో ఉన్న ఊర్ల నుంచే తీసుకున్నాను.

ప్రశ్న: మా నగరాన్ని అందరూ ఒక పార్టీకి కంచుకోట అంటారు. నిజంగా ఒక నగరానికి రాజకీయ మొగ్గు అనేది ఉంటుందా? ఉంటే దాన్ని ఎలా తెలుసుకోవాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఉంటుంది. అయితే ఆ మాటను మనం వాడే తీరులోనే చిక్కు ఉంది. "ఆ నగరం ఫలానా పార్టీది" అనగానే నగరం మొత్తానికి ఒకే మనసు ఉన్నట్టూ, అందరూ కూడబలుక్కుని ఒక నిర్ణయానికి వచ్చినట్టూ ధ్వనిస్తుంది. ఊరికి ఓటు లేదు, ఊరివాళ్లకే ఉంది. మనం మొగ్గు అని పిలుస్తున్నది కొన్ని వేర్వేరు విషయాలు కలిసి ఇచ్చిన ఫలితం. ఆ ఊళ్లో ఎవరు నివసిస్తున్నారు, వారిలో ఎంతమంది ఆ రోజు పోలింగ్ కేంద్రానికి వెళ్లారు, బరిలో ఎవరెవరు నిలిచారు, నియోజకవర్గం సరిహద్దు ఎక్కడ పడింది అన్నవాటిలో ఏ ఒక్కటి మారినా, ఒక్క మనిషి అభిప్రాయమైనా మారకుండానే ఊరి ఫలితం తారుమారు కావచ్చు.

దీనికి నాకు తెలిసినంతలో ఎంతో స్పష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో సుమారు 90 వేల జనాభా ఉన్న హార్టిల్‌పూల్ అనే ఓడరేవు పట్టణం. 1974లో ఆ పేరుతో పార్లమెంటు నియోజకవర్గం ఏర్పడిన నాటి నుంచి అక్కడ ప్రతి ఎన్నికలోనూ లేబర్ పార్టీయే గెలిచింది. 2021 మే నెలలో జరిగిన ఉప ఎన్నికలో మాత్రం కన్జర్వేటివ్ పార్టీ గెలిచింది. కార్మికుల కోట కూలిపోయిందనీ, పట్టణం రాత్రికి రాత్రి రంగు మార్చిందనీ అందరూ అన్నారు. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే కథ వేరుగా ఉంటుంది.

2019 సార్వత్రిక ఎన్నికలో లేబర్ పార్టీకి 15,464 ఓట్లు, అంటే 37.7 శాతం వచ్చాయి. కన్జర్వేటివ్‌లకు 28.9 శాతం, బ్రెగ్జిట్ పార్టీకి 25.8 శాతం వచ్చాయి. యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగాలని 2016 ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 70 శాతం మంది ఓటు వేసిన ఊరు అది. ఆ అభిప్రాయం కోసం గట్టిగా నిలబడిన రెండు పార్టీల మధ్య 2019లో ఓట్లు చీలిపోయాయి. ఆ రెండింటికీ కలిపి 22,472 ఓట్లు పడినా గెలిచింది లేబర్ పార్టీయే. కోట గోడ అప్పటికే బీటలు వారింది, ఓట్ల చీలిక ఆ బీటలను కప్పిపెట్టింది. 2021లో గెలిచిన కన్జర్వేటివ్ అభ్యర్థికి వచ్చినవి 15,529 ఓట్లు. 2019లో లేబర్ పార్టీ గెలిచినప్పుడు తెచ్చుకున్న ఓట్లకన్నా ఇవి 65 మాత్రమే ఎక్కువ. ఈసారి లేబర్ ఓట్లు 8,589కి పడిపోయాయి. ఇంకొక లెక్క కూడా చూడండి. 2019లో ఆ రెండు పార్టీలకు కలిపి వచ్చిన దానితో పోలిస్తే 2021లో కన్జర్వేటివ్ ఓట్లు సుమారు ఏడు వేలు తగ్గాయి, లేబర్ ఓట్లు కూడా సుమారు ఏడు వేలే తగ్గాయి. పోలింగ్ దాదాపు 58 శాతం నుంచి 43 శాతం లోపుకు దిగజారింది. వేల మంది ఒక గట్టు నుంచి మరో గట్టుకు దూకారనడానికి ఈ అంకెలలో ఆధారం లేదు. చీలిన ఓట్లు ఒకచోట చేరడం, పోలింగ్ బాగా తగ్గడం వీటిలో స్పష్టంగా కనిపిస్తుంది. 2024లో ఆ స్థానాన్ని లేబర్ పార్టీ తిరిగి గెలుచుకుంది.

ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందంటారు. ఎన్నికల విషయంలో ఆ సామెత పనికిరాదు. మీ నగరం మొగ్గు తెలుసుకోవాలంటే కనీసం నాలుగైదు ఎన్నికల ఫలితాలు వరుసగా పెట్టుకోండి. శాతాలతో సరిపెట్టుకోకుండా ఓట్ల సంఖ్యలనూ చూడండి. ప్రతి ఎన్నికలో ఎన్ని పార్టీలు నిలిచాయో, ఏ రెండు పార్టీలు పొత్తు పెట్టుకున్నాయో, ఎవరు బరిలోంచి తప్పుకున్నారో పక్కన రాసుకోండి. అన్ని ఎన్నికలలోనూ, అభ్యర్థులు మారినా, పొత్తులు మారినా, కదలకుండా నిలిచే ఓట్ల మొత్తం ఒకటి కనిపిస్తుంది. మొగ్గు అనే మాట దానికే తగుతుంది. మిగిలినది ఆ ఏటి గాలి.

ప్రశ్న: పార్లమెంటుకు ఒక పార్టీని గెలిపించిన నగరమే పురపాలక ఎన్నికలలో మరొకరిని గెలిపిస్తుంది. ఇది ఓటర్ల నిలకడలేనితనం కాదా?
– ఒక వ్యాపారి

జవాబు: కాదని నా దృఢమైన అభిప్రాయం. రెండు వేర్వేరు పనులకు ఇద్దరు వేర్వేరు మనుషులను ఎంచుకోవడం నిలకడలేనితనం ఎలా అవుతుంది? దేశ రక్షణ, ఆదాయపు పన్ను, విదేశాంగ విధానం ఒకరు చూసుకోవాలి. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, చెత్త, ఇళ్ల నిర్మాణ అనుమతులు ఇంకొకరు చూసుకోవాలి. మురుగు కాలువ విషయంలో సిద్ధాంతాల తేడా తక్కువ, పని చేయించే సత్తాలో తేడా ఎక్కువ.

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 1856 నుంచి 1960 వరకు జరిగిన ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్ పార్టీకే ఓటు వేసింది. 1984లో రీగన్‌నూ, 1988లో బుష్‌నూ కూడా గెలిపించింది. అదే రాష్ట్రంలో, అదే కాలంలో, సుమారు 38 వేల జనాభా ఉన్న బర్లింగ్టన్ నగరం 1981 మార్చిలో తనను తాను సోషలిస్టునని చెప్పుకున్న బెర్నీ శాండర్స్‌ను స్వతంత్ర అభ్యర్థిగా మేయర్ పదవికి ఎన్నుకుంది. ఆయన ఓడించింది అప్పటికే వరుసగా గెలుస్తూ వచ్చిన డెమోక్రటిక్ మేయర్‌ను. తిరిగి లెక్కించాక తేలిన తేడా 10 ఓట్లు. ఆరుగురు మనసు మార్చుకుని ఉంటే ఫలితం తలకిందులయ్యేది, ఆ నగరాన్ని ఇవాళ ఎవరూ వామపక్ష నగరమని పిలిచేవారు కారేమో. అయితే ఆ తర్వాత ఆయన మరో మూడుసార్లు గెలిచి 1989 వరకు పదవిలో ఉన్నారు. మొదటి గెలుపు అతి స్వల్పమే. తర్వాతి గెలుపులు మాత్రం ఆయన పనిని కళ్లారా చూసిన ప్రజలు ఇచ్చినవి.

పైన చెప్పిన హార్టిల్‌పూల్‌లోనూ ఇదే జరిగింది. 2001లో పార్లమెంటుకు లేబర్ ప్రముఖుడు పీటర్ మండెల్‌సన్‌ను గెలిపించిన ఆ పట్టణమే 2002లో స్టువర్ట్ డ్రమండ్ అనే స్వతంత్ర అభ్యర్థిని మేయర్‌గా ఎన్నుకుంది. స్థానిక ఫుట్‌బాల్ జట్టుకు చిహ్నమైన కోతి వేషం వేసి మైదానంలో జనాన్ని ఉత్సాహపరచడం ఆయన పని. దేశమంతా దాన్ని వింతగా చెప్పుకుంది. 2005లో, 2009లో మళ్లీ ఆయననే గెలిపించారంటే వింత అనే మాట సరిపోదు. పార్టీ యంత్రాంగం మీద విసుగు, తమలో ఒకడన్న నమ్మకం చిన్న పట్టణంలో ఎంత బలంగా పనిచేస్తాయో అది చూపిస్తుంది. చిన్న నగరంలో అభ్యర్థి ముఖపరిచయం ఉన్న మనిషి, లేదా పరిచయస్తులకు పరిచయం ఉన్న మనిషి. పెద్ద నగరాలకు ఈ లక్షణం ఉండదు.

ఇంకొక కారణం పోలింగ్. స్థానిక ఎన్నికలు విడిగా జరిగినచోట చాలా దేశాలలో పోలింగ్ తగ్గుతుంది. వచ్చేవారిలో వయసు పైబడినవారు, సొంత ఇల్లు ఉన్నవారు, ఆ ఊళ్లో చాలాకాలంగా ఉంటున్నవారు ఎక్కువగా ఉంటారు. అద్దె ఇళ్లవారు, యువకులు తక్కువ. ఒకే నగరంలో రెండు ఎన్నికలు జరిగినట్టు కనిపించినా ఓటు వేసినవారి సమూహాలు రెండూ ఒకటి కావు. అమెరికాలో చాలా నగరాల పురపాలక ఎన్నికల బ్యాలెట్ మీద పార్టీ పేరే ఉండదు కాబట్టి అక్కడ ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: బూత్‌ల వారీ ఓట్ల లెక్కలు చూసి ఫలానా వీధివాళ్లు, ఫలానా వర్గంవాళ్లు ఎవరికి ఓటు వేశారో చెప్పేస్తున్నారు. ఆ లెక్కలు ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక న్యాయవాది

జవాబు: ఈ ప్రశ్న నన్ను ఎంతోకాలంగా బాధిస్తున్నది, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఓటు రహస్యమన్నది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు కాదు. 1872 వరకు బ్రిటన్‌లో ఓటరు అందరి ముందూ నిలబడి తన ఓటు ఎవరికో నోటితో చెప్పేవాడు. ఎవరు ఎవరికి వేశారో పేరుపేరునా అచ్చువేసిన పోల్ పుస్తకాలు అమ్మేవారు. ఆ పుస్తకాలు నేటి చరిత్రకారులకు గొప్ప ఆధారాలు. చిన్న పట్టణాలలో చెప్పులు కుట్టేవారు ఎక్కువగా సంస్కరణవాదుల వైపు, మాంసం కొట్టేవారు ఎక్కువగా టోరీల, అంటే కన్జర్వేటివ్‌ల వైపు నిలిచారన్న సంగతి వాటి వల్లే తెలిసింది. కానీ చరిత్రకారుడికి దొరికిన ఆ సమాచారమే ఆనాడు భూస్వామికీ, ఇంటి యజమానికీ దొరికేది. తనకు ఎదురుతిరిగిన కౌలుదారుణ్ణి గుర్తుపట్టడానికి పుస్తకం తెరిస్తే చాలు. రహస్య ఓటును 1856లోనే ఆస్ట్రేలియాలోని విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా వలస రాష్ట్రాలు తెచ్చాయి. 1872లో బ్రిటన్ చట్టం చేసింది. ఆ చట్టం కింద ఆగస్టు 15న తొలి పార్లమెంటు ఉప ఎన్నిక జరిగింది కూడా పాంటిఫ్రాక్ట్ అనే చిన్న పట్టణంలోనే.

బ్రిటన్‌లో వేర్వేరు పెట్టెలలోని బ్యాలెట్లను లెక్కింపుకు ముందు కలిపేస్తారు కాబట్టి వీధి స్థాయి ఫలితం బయటికి రాదు. భారతదేశంలోనూ కాగితపు బ్యాలెట్ల కాలంలో, ఓటర్లను బెదిరించే ప్రమాదం ఉందని ఎన్నికల సంఘం భావించినచోట, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలోని 59ఏ నియమం కింద బ్యాలెట్లను కలిపి లెక్కించే వీలుండేది. ఓటింగ్ యంత్రాలు వచ్చాక ప్రతి యంత్రం తన బూత్ లెక్కను విడిగా చూపిస్తున్నది. కొన్ని యంత్రాల మొత్తాన్ని ఒకేసారి చూపే టోటలైజర్‌ను వాడేందుకు నియమాలు సవరించాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. ఇది అమలులోకి రావలసిన సంస్కరణ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక బూత్‌లో వెయ్యి మంది ఓటర్లు ఉంటే, ఆ వెయ్యి మందీ నాలుగు వీధులవారే అయితే, ఓడిపోయిన అభ్యర్థికి ఆ నాలుగు వీధుల మీద కోపం తెచ్చుకోవడం ఎంత సులభం!

నమ్మకం సంగతికి వస్తాను. బూత్ లెక్క ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు ఎవరికి పడ్డాయో చెబుతుంది. అంతకు మించి, ఆ బూత్‌లోని ఏ వర్గంవారు ఎవరికి వేశారో చెప్పదు. సమూహపు అంకెల నుంచి మనుషుల ప్రవర్తనను ఊహించడంలో ఎంత ప్రమాదం ఉందో డబ్ల్యూ.ఎస్. రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1950లో చూపించారు. 1930 అమెరికా జనగణనలో రాష్ట్రాల వారీగా చూస్తే, విదేశాలలో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది. సహసంబంధం, అంటే రెండు విషయాలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో తగ్గుతాయో చూపే అంకె, మైనస్ 0.53. మనుషుల వారీగా లెక్కిస్తే అది ప్లస్ 0.12. అంటే విదేశాలలో పుట్టినవారిలోనే నిరక్షరాస్యత కొంత ఎక్కువ. కారణం సులభమే. వలస వచ్చినవారు చదువుకున్నవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలోనే స్థిరపడ్డారు. ఒకే జనగణన రెండు రకాలుగా చూస్తే రెండు వ్యతిరేక సమాధానాలు ఇచ్చింది. ఒక వర్గంవారు సగం మంది ఉన్న బూత్‌లో ఒక పార్టీకి సగం ఓట్లు వచ్చాయంటే ఆ వర్గమంతా ఆ పార్టీకే వేసిందని చెప్పేవారు ఇదే పొరపాటు చేస్తున్నారు. రెండు సగాలూ అటూ ఇటూ సమానంగా చీలినా ఆ అంకెలే వస్తాయి. అందరినీ ఒకే గాటన కట్టే ఇటువంటి లెక్కలు తప్పు కావడమే కాదు, పొరుగువారి మధ్య పగలు కూడా రగిలిస్తాయి.

ప్రశ్న: మా నగరంలో మిల్లులు మూతపడి చాలా ఏళ్లయింది. అయినా కార్మికుల పార్టీగా పేరున్న పక్షానికే ఇంకా ఓట్లు పడుతున్నాయి. ఎందుకు?
– ఒక మాజీ కార్మికుడు

జవాబు: మనుషులు మారినా ఊరి అచ్చు అంత తొందరగా మారదు. 1913లో ఆంద్రే సీగ్‌ఫ్రీడ్ అనే ఫ్రెంచి పండితుడు పశ్చిమ ఫ్రాన్స్ ఓటు సరళిని పరిశీలించి, గ్రానైటు నేల కుడివైపుకూ అంటే మితవాదులకూ, సున్నపురాయి నేల ఎడమవైపుకూ అంటే వామపక్షానికీ ఓటు వేస్తుందని అన్నారు. రాయికి రాజకీయం లేదని ఆయనకు తెలుసు. గ్రానైటు నేల మీద ఇళ్లు చెదురుమదురుగా ఉండేవి, పెద్ద భూస్వాముల, చర్చి పెద్దల పట్టు బలంగా ఉండేది. సున్నపురాయి నేల మీద ఇళ్లు గుంపుగా ఉండేవి, చిన్న రైతులు ఎక్కువ. నేల జనావాసాన్ని, జనావాసం అధికార సంబంధాలను, ఆ సంబంధాలు ఓటును మలిచాయి.

మీ నగరంలో గ్రానైటు స్థానంలో మిల్లు ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెడింగ్ అనే నగరం రైలు మార్గం, కర్మాగారాల చుట్టూ పెరిగింది. 1927లో అక్కడి ప్రజలు సోషలిస్టు మేయర్‌ను ఎన్నుకున్నారు. ఆ కర్మాగారాలలో అధిక భాగం పోయాయి, ఆ కార్మికుల మనుమలు చాలామంది ఊరు విడిచి వెళ్లారు, ఇవాళ జనాభాలో సగానికి పైగా లాటిన్ అమెరికా మూలాలున్నవారు. అయినా ఆ నగరం వామపక్షం వైపు మొగ్గే పార్టీకే ఓటు వేస్తూ వచ్చింది. ఇటువంటి నగరాలను పరిశీలించిన జోనథన్ రాడెన్ అనే రాజనీతి శాస్త్రవేత్త దీనికి చెప్పిన వివరణ నాకు సబబుగా తోస్తుంది. కార్మికుల కోసం ఫ్యాక్టరీ పక్కన కట్టిన ఇరుకైన చిన్న ఇళ్లు ఫ్యాక్టరీ పోయాక కూడా మిగిలే ఉంటాయి. అవి చౌక అద్దెకు దొరుకుతాయి. చౌక అద్దె కోసం కొత్త పేదలు, కొత్త వలసవారు అక్కడికే చేరతారు. పాత కార్మికుడి అవసరాలకూ కొత్త అద్దెదారు అవసరాలకూ పోలిక ఉంటుంది. ఇళ్లు నిలిచి ఉన్నంతకాలం మొగ్గు కూడా నిలుస్తుంది.

దీనికి మీ సంఘాల జ్ఞాపకం కూడా తోడై ఉంటుంది. సమ్మె రోజులు చూసిన తండ్రి ఇంట్లో చెప్పిన మాటలు పిల్లల ఓటులో ఉంటాయి. అయితే జ్ఞాపకం మీద మాత్రమే నిలబడిన మొగ్గు ఒక తరం, మహా అయితే రెండు తరాలు నిలుస్తుంది. హార్టిల్‌పూల్ చరిత్ర అదే చెబుతున్నది.

ప్రశ్న: దేశంలో ఎవరు గెలుస్తారో ముందే చూపించే నగరాలు కొన్ని ఉంటాయంటారు. నిజమేనా?
– ఒక పోటీ పరీక్షల అభ్యర్థి

జవాబు: కొంతకాలం వరకే నిజం. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని టెర్రె హాట్ నగరం ముఖ్యపట్టణంగా ఉన్న వీగో కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) 1888 నుంచి 2016 వరకు జరిగిన 33 అధ్యక్ష ఎన్నికలలో 1908, 1952 తప్ప ప్రతిసారీ గెలిచిన అభ్యర్థికే ఓటు వేసింది. 1956 నుంచి వరుసగా 16 సార్లు గురి తప్పలేదు. 2020లో తప్పింది. 1980 నుంచి 2016 వరకు ఒక్కసారీ తప్పని కౌంటీలు 19 ఉంటే, 2020లో వాటిలో సరిగ్గా చూపించింది ఒక్కటే, వాషింగ్టన్ రాష్ట్రంలోని క్లాలమ్. 2024లో అదీ తప్పింది.

మూడు వేలకు పైగా కౌంటీలున్న దేశంలో, జనాభా కూర్పు దేశపు సగటుకు దగ్గరగా ఉన్నవాటిలో కొన్ని వరుసగా సరిపోవడం సహజం. వాటిని ఎన్నికలు అయ్యాక ఏరి చూపిస్తాం కాబట్టి మహిమలా కనిపిస్తుంది. అలా ఏరిన ఊరు రేపు కూడా సగటుగానే ఉంటుందన్న హామీ లేదు. అన్నట్టు, సగటు ఓటుకు పేరుపడ్డ ఆ టెర్రె హాట్‌లోనే 1855లో యూజీన్ డెబ్స్ పుట్టారు. డెమోక్రటిక్ పార్టీ తరఫున 1879లో ఆ నగరానికి క్లర్కుగా ఎన్నికైన ఆయన తర్వాత సోషలిస్టు అభ్యర్థిగా ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశారు. 1920లో జైలు నుంచే పోటీ చేసి 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. సగటు ఊళ్లో అందరూ సగటు మనుషులే ఉండరు.

ప్రశ్న: విశ్వవిద్యాలయం ఉన్న చిన్న నగరంలో బయటి నుంచి వచ్చిన విద్యార్థులు ఓటు వేసి ఊరి మొగ్గును మార్చేయడం న్యాయమా?
– ఒక గృహ యజమాని

జవాబు: న్యాయమే. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ ఊరి నీళ్లు తాగి, ఆ ఊరి రోడ్ల మీద నడిచి, ఆ ఊరి అద్దెలు కట్టేవారికి ఆ ఊరి పాలనలో మాట ఉండాలి. టెక్సాస్‌లోని వాలర్ కౌంటీలో విద్యార్థులను ఓటరుగా నమోదు చేయడానికి స్థానిక అధికారి అడ్డంకులు పెట్టినప్పుడు, ఆ అడ్డంకులు చెల్లవన్న తీర్పును 1979లో అమెరికా సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఒక్కొక్క విద్యార్థి నాలుగేళ్లలో వెళ్లిపోవచ్చు. విద్యార్థులనే సమూహం మాత్రం ఆ ఊళ్లో శాశ్వత నివాసి.

ప్రశ్న: మా ఊళ్లో దాదాపు అందరూ ఒకే పార్టీవారు. నా అభిప్రాయం వేరు. నోరు విప్పడానికి జంకుతున్నాను. ఇలా ఉండగా ఉండగా నా అభిప్రాయం కూడా వారిలాగే మారిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం చాలాసేపు నా చేతిలోనే ఉండిపోయింది. ముందుగా "దాదాపు అందరూ" అన్న మాటను మళ్లీ లెక్క చూసుకోమని కోరుతున్నాను. ఒక పార్టీకి 65 శాతం ఓట్లు వచ్చిన ఊరిని తిరుగులేని కంచుకోట అంటారు. అటువంటి ఊళ్లో కూడా ఓటు వేసిన ప్రతి ముగ్గురిలో ఒకరు ఆ పార్టీకి వేయనివారే. వారు మీకు కనిపించకపోవడానికి కారణం వారు కూడా మీలాగే జంకుతూ ఉండడం. తాము తక్కువమంది అనుకున్నవారు మౌనంగా ఉంటారు, వారి మౌనం వల్ల వారి సంఖ్య ఉన్నదానికన్నా ఇంకా తక్కువగా కనిపిస్తుంది, దాంతో మరికొందరు మౌనం వహిస్తారు. ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ అనే జర్మన్ పండితురాలు 1974లో దీనికి మౌనపు సుడి అని పేరు పెట్టారు.

అభిప్రాయం మారిపోతుందా అన్నదానికి రెండు పాత పరిశీలనలు ఉపయోగపడతాయి, రెండూ చిన్న నగరాలలో జరిగినవే. 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో, అంటే సుమారు 25 వేల జనాభా ఉన్న శాండస్కీ నగరంలోనూ దాని చుట్టుపక్కల గ్రామాలలోనూ, 600 మందిని ఎంచుకుని మే నుంచి నవంబరు వరకు ప్రతి నెలా అదే మనుషులను కలిసింది. అంత హోరాహోరీ ప్రచారం నడిచినా ఒక పక్షం నుంచి మరో పక్షానికి మారినవారు 8 శాతం మాత్రమే. ప్రచారం ఎక్కువమందికి ఉన్న అభిప్రాయాన్నే గట్టిపరిచింది. పత్రికలకన్నా, రేడియోకన్నా, తమ చుట్టూ ఉన్న మనిషి మాటకే ఎక్కువ బలం ఉందని కూడా ఆ పరిశీలనలోనే బయటపడింది.

1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా నగరంలో సుమారు వెయ్యి మందితో మరో పరిశీలన జరిగింది. అది రిపబ్లికన్ల పట్టున్న నగరం. చుట్టూ ఉన్న స్నేహితులంతా తమ పార్టీవారే అయితే ఎల్మైరాలోని డెమోక్రాట్లు కూడా నిలకడగా నిలిచారు. స్నేహితులు చెరో పక్షంగా చీలి ఉన్నప్పుడు మాత్రం ఊరి గాలి పనిచేసింది, అటూ ఇటూ ఊగినవారు ఎక్కువగా ఊళ్లో పైచేయి ఉన్న పక్షం వైపే ఒరిగారు. కాబట్టి ఊరంతా మీకు ఎదురుగా ఉందన్నదానికన్నా, మీరు మనసు విప్పి మాట్లాడే ముగ్గురు నలుగురు ఎవరన్నదే మీ విషయంలో ఎక్కువ ముఖ్యం. అటువంటి ఒకరిద్దరు దొరికితే ఊరి గాలికి తట్టుకోవచ్చు. వాదించి మనసు మార్చుకుంటే అది వేరే సంగతి, దానిలో తప్పేమీ లేదు. భయంతో మార్చుకోవలసిన అగత్యం మాత్రం మీకు లేదు. పోలింగ్ గదిలో మీ పక్కన ఎవరూ ఉండరు.

ప్రశ్న: నేను ఇటీవలే విలేకరిగా చేరాను. ఫలితాల రోజున మా నగరం గురించి రాయాలి. ఏ విషయాలు చూసుకోవాలి?
– ఒక యువ విలేకరి

జవాబు: మొదట మీ నగరంలో వచ్చిన మార్పును ఆ నగరానికే పరిమితం చేసి చూడకండి. ఒక పార్టీ ఓటు దేశమంతటా 6 పాయింట్లు పెరిగి మీ నగరంలో 2 పాయింట్లే పెరిగిందనుకోండి. "నగరంలో ఆ పార్టీకి పెరిగిన ఆదరణ" అని రాస్తే అక్షరాలా నిజమే అయినా అసలు సంగతి తప్పిపోతుంది. దేశంతో పోలిస్తే మీ నగరం ఆ పార్టీకి 4 పాయింట్లు దూరం జరిగింది. ఆ నాలుగు పాయింట్లే మీ నగరానికి ప్రత్యేకమైన వార్త.

తర్వాత సరిహద్దులు. పునర్విభజన జరిగి ఉంటే పాత ఏడో వార్డుకూ కొత్త ఏడో వార్డుకూ పేరు తప్ప పోలిక ఉండకపోవచ్చు. పాత ఫలితాన్ని కొత్త సరిహద్దుల ప్రకారం సర్దకుండా పోల్చకండి. ఓటర్ల జాబితా కూడా చూడండి. గత ఎన్నిక తర్వాత చేరిన పేర్లు, తొలగించిన పేర్లు మెజారిటీకన్నా ఎక్కువగా ఉంటే ఆ విషయం మొదటి పేరాలోనే రావాలి.

గెలిచిన పార్టీ శాతం పక్కన నమోదైన ఓటర్ల మొత్తాన్ని కూడా ఇవ్వండి. 2021లో హార్టిల్‌పూల్‌లో కన్జర్వేటివ్ పార్టీ గెలుపును అందరూ 51.9 శాతమనే రాశారు. పోలైన ఓట్లలో అది సగానికి పైగానే. పోలింగ్ 43 శాతం లోపే కాబట్టి, నమోదైన ఓటర్లందరి లెక్కలో ఆ పార్టీకి ఓటు వేసినవారు నలుగురిలో ఒకరికన్నా తక్కువ.